వినోదవనములపై మక్కువ – విద్యార్థుల యాశయములు

పై తరగతుల విద్యార్థులకు "నేనేమి కాగోరుచున్నాను" అను విషయముపై వ్యాసము వ్రాయ నిచ్చుట మన పాఠశాలలలో వాడుక. ఆ వ్యాసములను చదివినచో వైద్యుడు, ఇంజనీరు, కలెక్టరు అను మూడు పేర్లే మరల మరల కానవచ్చును. సెలవుల పిమ్మట "సెలవులలో చూచిన వింత" అను విషయము నిచ్చినచో సగము తరగతి వినోదవనములను గూర్చియే వ్రాయును. మొదటి వ్యాసములోని వాక్యములు ప్రక్కవాని వ్యాసములోని వాక్యములను పోలియుండును. రెండవ దానిలో ఎత్తులు, రంగులు, ధ్వనులు, భయము, సంతోషము అన్నియు నుండును. బాలుని మనస్సు ఎచ్చట నున్నదో చెప్పుటకు ఇంతకంటె నిదర్శనము వలదు.

అయినను తల్లిదండ్రు లనేకులు "ఆటల పిచ్చితో పొట్ట నిండునా?" అని మమ్ము నడుగుచుందురు. అది కొట్టిపారవేయదగిన ప్రశ్న కాదు. పరాయి భాషా ప్రాంతమున స్థిరపడి, కష్టపడి బిడ్డలను చదివించుకొనుచున్న కుటుంబములకు జీవనోపాధి మొదటి చింత. ఆ ప్రశ్నకు కొందరి జీవితముల ద్వారమునను, కొంత గణితము ద్వారమునను సమాధానము చెప్పుటయే ఈ వ్యాసమున మా యుద్దేశము.

రాట్నము త్రిప్పినవారు

వినోద యంత్రములు క్రొత్తవి కావు. మన తిరునాళ్ళలో, జాతరలలో రంగులరాట్నము ఎన్నడో యున్నది. కొయ్యతో చేసిన ఆ రాట్నమును మనుష్యులే చేతులతో త్రిప్పెడివారు. రష్యా దేశమున కొయ్యకట్టడములపై మంచు పేర్చి, దానిపై జారుట పూర్వకాలపు వేడుక. ఈ జారుడుబండయే క్రమముగా చక్రములు తొడిగికొని రోలర్ కోస్టర్ అయినది. 1884లో లామార్కస్ థామ్సన్ అను నాతడు న్యూయార్కు నగర సమీపమున కోనీ ఐలండు సముద్రతీరమున ఇట్టి బండిని నెలకొల్పెను. దాని వేగము గంటకు 6 మైళ్ళు మాత్రమే. నేడు సైకిలుపై పోవు బాలుడు దానిని సులభముగా దాటిపోగలడు. అయినను జనము బారులు తీరి, తలకు 5 సెంట్ల చొప్పున చెల్లించి దాని నెక్కిరి.

ఇంతకంటె చెప్పుకొనదగిన కథ జార్జి ఫెర్రిస్‌ది. ఈతడు 1859లో జన్మించి, ఇంజనీరింగు చదివి, వంతెనలకు కావలసిన ఉక్కును పరీక్షించు వృత్తిలో నుండెను. 1893లో షికాగో నగరమున గొప్ప ప్రపంచ ప్రదర్శనము జరిగెను. అంతకు నాలుగేండ్లకు ముందు పారిస్ ప్రదర్శనమునకై ఈఫెల్ గోపురము లేచియుండెను. దానికి సాటిరాగల వింత యొకటి కావలెనని షికాగోవారు కోరగా, ఫెర్రిస్ 264 అడుగుల యెత్తున తిరుగు ఉక్కు చక్రమును ప్రతిపాదించెను. ఇది నిలువజాలదని నిర్వాహకులు మొదట శంకించిరి. అతడు లెక్కలతో వారి నొప్పించెను. ఆ చక్రమునకు 36 గదులు. ఒక్కొక్క గదిలో 60 మంది. వెరసి ఒక్కమారు 2,160 మంది యెక్కవచ్చును. ఇరుసు ఒక్కటియే సుమారు 45 టన్నుల బరువు. వంతెనలు కట్టు విద్యయే ఇచ్చట వినోదమునకు ఉపకరించినది. నేడు ప్రతి ఎగ్జిబిషనులో మనము చూచు జెయింట్ వీల్ ఆ చక్రమునకు సంతానమే.

ఈ కథకు రెండవ భాగము కూడ కలదు. దానిని దాచి చెప్పుట విద్యార్థులకు మేలు కాదు. ప్రదర్శనము ముగిసిన పిదప ఫెర్రిస్‌ను అప్పులు, వ్యాజ్యములు చుట్టుముట్టెను. 1896లో, 37 ఏండ్ల ప్రాయముననే, అతడు మరణించెను. ఆ చక్రము మరికొంతకాలము షికాగోలోను, 1904లో సెయింట్ లూయీ ప్రదర్శనములోను తిరిగి, 1906లో ప్రేలుడు మందుతో కూల్చివేయబడెను. ఊహకు రెక్క లుండుట చాలదు. పద్దు పుస్తకము కూడ ఉండవలెను. కళను గాని యంత్రవిద్యను గాని నమ్ముకొన్నవాడు జమాఖర్చులను నేర్వవలెనని ఈ జీవితము మనకు చెప్పుచున్నది.

తలక్రిందుల బండి – ఒక లెక్క

వినోదవనమున నున్న భౌతికశాస్త్రము పుస్తకమున నున్న దానికి వేరు కాదు. తొమ్మిది, పది తరగతులవారు ఈ క్రింది లెక్కను కాగితముపై తామే చేసిచూచునది.

బండి యొకటి తలక్రిందులుగా తిరిగివచ్చు చుట్టు పూర్ణ వృత్తాకారముగ నున్న దనుకొందము. దాని వ్యాసార్ధము 6 మీటర్లు, ఎత్తు 12 మీటర్లు. పైభాగమున బండి పట్టాలను వీడి పడకుండుటకు, అచ్చట దాని వేగము యొక్క వర్గము గురుత్వ త్వరణమునకు 6 రెట్లకు తక్కువ కారాదు. 12 మీటర్లు క్రిందికి దిగునప్పుడు స్థితిజ శక్తి గతిజ శక్తిగా మారును. కనుక క్రిందిభాగమున వేగము యొక్క వర్గము గురుత్వ త్వరణమునకు 6 + 24, అనగా 30 రెట్లగును. దీనిని వ్యాసార్ధము 6తో భాగించినచో అభికేంద్ర త్వరణము గురుత్వమునకు 5 రెట్లు. దానికి మన సహజమైన బరువును కలిపినచో 6 రెట్లు. అనగా 40 కిలోల బాలుడు ఆ క్షణమున 240 కిలోల బరువైనట్లు ఆసనమునకు అదుముకొనిపోవును. (ఘర్షణను ఇచ్చట లెక్కలోనికి తీసికొనలేదు.)

ఇది కేవలము కాగితముపై లెక్క కాదు. 1895లో కోనీ ఐలండున ఇట్టి వృత్తాకారపు చుట్టుతో ఒక బండిని నిజముగనే నడిపిరి. ఎక్కినవారికి మెడనొప్పులు కలిగెను. ఎక్కువారికంటె చూచువారే ఎక్కువైరి. కొలది యేండ్లకే అది మూతపడెను.

దీనికి పరిష్కారము బండిని మెల్లగా నడుపుట కాదు. మెల్లగా నడిపినచో పైభాగమున పడిపోవును. పరిష్కారము ఆకారములో నున్నది. చుట్టును వృత్తముగా గాక, కన్నీటిబొట్టు వలె పైన ఇరుకుగను క్రింద వెడల్పుగను గీయవలెను. ఎత్తు అదే 12 మీటర్లుండి, పైభాగమున వంపు వ్యాసార్ధము 3 మీటర్లు, క్రిందిభాగమున 12 మీటర్లు ఉన్నదనుకొందము. పైన కావలసిన వేగ వర్గము గురుత్వమునకు 3 రెట్లే. క్రింద 3 + 24, అనగా 27 రెట్లు. దానిని 12తో భాగించిన రెండుంబావు. సహజమైన బరువును కలిపిన మూడుంబావు. ఇప్పుడా బాలుడు 130 కిలోల బరువైనట్లు మాత్రమే తోచును. ఎత్తు తగ్గలేదు, వినోదము తగ్గలేదు, మెడకు అపాయము తగ్గినది.

జర్మనీ దేశపు ఇంజనీరు వెర్నర్ స్టెంగెల్ ఈ విధముగా వంపు క్రమముగా మారు రేఖతో చుట్టును రూపొందించెను. 1976లో కాలిఫోర్నియాలోని మాజిక్ మౌంటెన్ అను వినోదవనమున అది నిర్మింపబడెను. ఇందలి రహస్యమంతయు క్రొత్తది కాదు. రైలు తిన్నని దారి నుండి మలుపులోనికి పోవునప్పుడు ప్రయాణికులు కుదుపు నెరుగకుండ, పట్టాల వంపును కొంచెము కొంచెముగా పెంచు పద్ధతి రైలుదారులవారికి ముందే తెలియును. ఒకచోట నేర్చిన గణితము మరియొకచోట ప్రాణములను కాపాడినది. "ఈ లెక్కలు మాకు దేనికి?" అని యడుగు విద్యార్థికి మేము చెప్పగల సమాధానము ఇదియే.

ఊహయే వృత్తి యైనవారు

గణితమునందు అభిరుచి తక్కువగా నున్నవారు నిరుత్సాహపడ నక్కరలేదు. వినోదవనము ఇంజనీర్ల వలననే నిలుచునది కాదు. చిత్రకారులు, కథకులు, సంగీత విద్వాంసులు, వడ్రంగులు, తోటమాలులు అందరును అందు పాలుగొందురు.

వాల్ట్ డిస్నీ కార్టూను చిత్రముల వలన ప్రసిద్ధుడు. ఆదివారములలో తన కుమార్తెలను రంగులరాట్న మెక్కించి, తాను బల్లపై కూర్చుండి చూచుచుండగా, పిల్లలును పెద్దలును కలిసి వినోదించు స్థలము ఒకటి ఏల ఉండరాదని అతనికి తోచినట. ధనమునకై అతడు తన జీవిత బీమాపై అప్పు తెచ్చెను. టెలివిజన్ సంస్థతో ఒప్పందము చేసికొనెను. 1955 జూలై 17న కాలిఫోర్నియాలోని అనహైమ్‌లో డిస్నీలాండు తెరవబడెను. ఆ మొదటి దినము గొప్ప గందరగోళముగా గడచెను. ఎండవేడిమికి క్రొత్తగా వేసిన తారు మెత్తబడెను. త్రాగునీటి కొళాయిలు చాలలేదు. అయినను ఏడు వారములలో పదిలక్షల మంది వచ్చిరి. మొదటి దినపు వైఫల్యమును చూచి పని మానుకొన్నచో ఆ వనమే లేకుండెడిది.

ఆ సంస్థలో పనిచేసిన మేరీ బ్లేర్ అను చిత్రకారిణిని మన బాలికలు ప్రత్యేకముగా గుర్తుంచుకొనవలెను. 1964లో న్యూయార్కు ప్రపంచ ప్రదర్శనమునకై, లోకమందలి పిల్లల బొమ్మలు పాడుచుండగా పడవపై సాగిపోవు వేడుక యొకటి రూపొందెను. అందలి రంగుల కూర్పు, ఆకారముల తీరు ఆమెవి. కాగితముపై జలవర్ణములతో మొదలిడిన ఆమె చేతి పని నేటికిని జనుల కనులయెదుట నిలిచియున్నది.

మూడవ యుదాహరణము టోనీ బాక్స్టర్. ఈతడు 1965లో, 17 ఏండ్ల వయస్సున, డిస్నీలాండులో ఐస్‌క్రీము అమ్ము పనిలో చేరెను. పిమ్మట అచ్చటి బండ్లను నడుపు పనులు చేసెను. ఆ పని చేయుచునే కళాశాలలో నాటకరంగ రూపకల్పనము నభ్యసించెను. 1970లో రూపకల్పన విభాగమున చేరెను. 1979లో తెరవబడిన బిగ్ థండర్ మౌంటెన్ అను గనిబండి అతని యూహ. 1992లో పారిస్ సమీపమున వెలసిన డిస్నీ వనమునకు ప్రధాన రూపకర్తలలో నొకడయ్యెను. ఐస్‌క్రీము అమ్ముటకును ఒక వనమును రూపొందించుటకును నడుమ ఇరువది యేడేండ్ల కాలమున్నది. ఆ కాలమును అతడు వేచియుండుటలో గడపలేదు. జనము ఎచ్చట నిలుతురో, ఎచ్చట విసిగెదరో, ఎచ్చట నవ్వెదరో చూచుచు, చదువుచు, బొమ్మలు గీయుచు గడపెను.

మన దేశములో

ఈ యుదాహరణములన్నియు దూరదేశములవి యని తలపవలదు. 1984లో ఢిల్లీలో అప్పూఘర్ తెరవబడెను. 1982 ఏషియా క్రీడల గుర్తైన ఏనుగుపిల్ల పేరే దానికి పెట్టిరి. అది 2008లో మూతపడెను. 1989లో బొంబాయి సమీపమున ఎస్సెల్ వరల్డ్ వెలసెను. మన దేశపు మొదటి త్రీడీ చిత్రమైన "మై డియర్ కుట్టిచ్చాతన్"ను 1984లో నిర్మించిన నవోదయ అప్పచ్చన్, పిమ్మట చెన్నపట్నము చెంత తాంబరములో కిష్కింత అను వినోదవనమును స్థాపించెను. వెండితెరపై చూపిన అద్భుతము నుండి నేలపై ఎక్కదగిన అద్భుతమునకు ఆయన నడచెను.

భౌతికశాస్త్రమున ఎం.యస్సీ. పట్టము పొందిన కొచ్చౌసెఫ్ చిట్టిలప్పిళ్ళి 1977లో విద్యుత్ స్టెబిలైజర్లు తయారుచేయు వీ-గార్డ్ సంస్థను చిన్న ప్రమాణమున ఆరంభించెను. 2000లో కొచ్చిలో వీగాలాండు స్థాపించెను. అది నేటి వండర్‌లా. ఆ సంస్థ వనములు 2005లో బెంగుళూరునను, 2016లో హైదరాబాదునను, 2024లో భువనేశ్వరము చెంతను, 2025లో చెన్నై నగరము చెంతను తెరవబడెను. మన తెలుగు కుటుంబములు తరతరములుగా నివసించుచున్న రాష్ట్రములలోనే ఇవి వెలసినవని గమనింపుడు.

అద్భుతమును నిర్మించుట మనవారికి క్రొత్త కాదు. 1957లో విడుదలైన "మాయాబజార్" చిత్రము మద్రాసులోనే తయారైనది. మాధవపెద్ది గోఖలే, కళాధర్ కళాదర్శకులుగను, మార్కస్ బార్ట్లీ ఛాయాగ్రాహకుడుగను పనిచేసి, కొయ్య, రంగు, వెలుతురు సాయమున ద్వారకను మన కనులకు కట్టించిరి. ఏటికొప్పాక లక్కబొమ్మలు చేయువారు తరిమెనపై అంకుడుకర్రను త్రిప్పి తీర్చు పనియు ఈ కుటుంబములోనిదే. వినోదవనమునకు కథ కావలెనన్న మన కాశీమజిలీ కథలలో ఎన్ని వనములకైన సరిపడు వింత లున్నవి.

మన బిడ్డలకు ఇది అందునా?

తెలుగు మాధ్యమమున చదివినవారికి ఇట్టి వృత్తులు అందునా యను సందేహము మన తల్లిదండ్రులలో బలముగా నున్నది. పాఠశాలలో తెలుగు శాఖలను నిలుపుకొనుటయే కష్టమగుచున్న ఈ దినములలో దానికి నిజాయితీగా బదులు చెప్పుట మా విధి.

పై లెక్కను మేము తెలుగున చెప్పితిమి. ఏ భాషలో చేసినను 240 కిలోలు 240 కిలోలే. తెలుగున దాని నర్థము చేసికొన్నవాడు ఏ భాషలోనైన తిరిగి చెప్పగలడు. అర్థము కాకుండ వల్లించినవాడు ఏ భాషలోను చెప్పలేడు. అయితే ఉన్నత విద్యలోని గ్రంథములు, నమూనా పటములు ఆంగ్లమున నుండుననుట నిజము. అందుచే తొమ్మిదవ తరగతి నుండియే శాస్త్రపదములను జంటగా వ్రాసికొనుట అవసరము: స్థితిజ శక్తి – పొటెన్షియల్ ఎనర్జీ, గతిజ శక్తి – కైనెటిక్ ఎనర్జీ, అభికేంద్ర బలము – సెంట్రిపెటల్ ఫోర్స్, లోలకము – పెండ్యులమ్, ఘర్షణ – ఫ్రిక్షన్. ఇంట తెలుగు, వీధిలో ప్రాంతీయ భాష, పుస్తకమున ఆంగ్లము వాడు మన బాలుడు మూడు భాషలవారితో కలిసి పనిచేయుటకు చిన్ననాటనే అలవాటుపడుచున్నాడు. కర్మాగారమునందైనను, వినోదవనమునందైనను ఇది కొరత కాదు, కలిమి.

మార్గములు పెక్కు గలవు. యంత్రము, విద్యుత్తు, కట్టడములు అను ఇంజనీరింగు శాఖలు ఒక మార్గము. వాస్తుశిల్పము, లలితకళలు మరియొకటి. అహమదాబాదులో 1961లో స్థాపింపబడిన జాతీయ రూపకల్పన సంస్థ వంటి చోట్ల బొమ్మల, ఆటల రూపకల్పనము సైతము బోధింతురు. ఐ.టి.ఐ.లలో ఫిట్టరు, వెల్డరు, ఎలక్ట్రీషియను విద్యలు ఇంకొక మార్గము. ప్రతి ఉదయము జనము రాకముందు పట్టాలను, బోల్టులను పరీక్షించి, ఖాళీ బండిని నడిపి చూచువాడు, ఎక్కిన ప్రతివాని అడ్డుకడ్డీని చేతితో లాగి చూచువాడు లేనిదే ఏ రూపకర్త గొప్పతనమును నిలువదు. వేలమంది బిడ్డల ప్రాణములు ఆ చేతిలో నున్నవి. ఆ పనిని చిన్నదని తలచుట అవివేకము.

కొన్ని హెచ్చరికలు

మక్కువ వేరు, వ్యసనము వేరు. ఒకే బండిని పదిమారు లెక్కి కేకలు వేసి వచ్చినవాడు వినోదించినాడు. అందు తప్పు లేదు. కాని అది విద్య కాదు. మొదటిసారి ఎక్కి, రెండవసారి నిలిచి చూచి, ఇంటికి వచ్చి బొమ్మ గీచినవాడు నేర్చుకొన్నాడు.

టిక్కెట్టు వెల అందరి యిండ్లకు అందునది కాదు. దానికై తల్లిదండ్రులను వేధించుట తగదు. సంవత్సరమునకు ఒక్కమారైనను పోలేని విద్యార్థి వెనుకబడినట్లు కాదు. పురపాలక సంఘపు ఉద్యానములోని ఉయ్యాల, జారుడుబల్ల, ఊరి జాతరలోని రాట్నము – వీనిలోను అదే గణితము, అదే బలము ఉన్నవి.

కళయే జీవనమని నమ్మి చదువును విడుచువారును, చదువు పేర కళను చంపుకొనువారును ఇద్దరును నష్టపోవుదురు. బాక్స్టర్ పని మానలేదు, చదువు మానలేదు, ఊహించుటయు మానలేదు. దినమునకు అరగంట చాలును. కాని ప్రతిదినము కావలెను.

తల్లిదండ్రులకు మా మనవి యొక్కటి. బిడ్డ వినోదవనమును గూర్చి ఉత్సాహముతో చెప్పునప్పుడు "చాలు, పుస్తకము తీయుము" అనక, "అది ఎట్లు తిరుగుచున్నది?" అని యడుగుడు. ఆ ప్రశ్నకు బదులు వెదకుచు బిడ్డ తానుగా పుస్తకము తీయును.

అభ్యాసములు

1. దారమునకు రాయి కట్టి వ్రేలాడదీసి, దారము పొడవు 1 మీటరుండునట్లు చూచి, పది ఊపులకు పట్టు కాలమును కొలువుము. ఒక్కొక్క ఊపునకు సుమారు 2 సెకనులు వచ్చునేమో చూడుము. తరువాత బరువైన రాయి కట్టి మరల కొలువుము. కాలము మారినదా?

2. ఉద్యానములోని ఉయ్యాలపై ఒకసారి చిన్న తమ్ముని, ఒకసారి నీ యీడువానిని కూర్చుండబెట్టి అట్లే కొలువుము. మొదటి అభ్యాసముతో పోల్చుము.

3. పై వ్యాసములోని చుట్టు లెక్కను 20 మీటర్ల యెత్తునకు చేయుము. వృత్తాకారమునకు వ్యాసార్ధము 10 మీటర్లు. బొట్టు ఆకారమునకు పైన 5, క్రింద 20 మీటర్లు. వచ్చిన రెట్లను ముందటి వానితో పోల్చుము. ఎత్తు మారినను రెట్లు ఏల మారలేదో కారణము చెప్పుము.

4. నీకు తెలిసిన జానపదకథ నొకదానిని తీసికొని, దానిని పిల్లలు పడవపై పోవుచు చూచునట్లు ఏడు దృశ్యములుగా విభజించి, ఒక్కొక్క దృశ్యమునకు బొమ్మ గీయుము. ఏ రంగు ఎందులకు వాడితివో రెండు వాక్యములలో వ్రాయుము.

5. "నేనేమి కాగోరుచున్నాను" అను వ్యాసమును మరల వ్రాయుము. ఈ మారు నీకు నిజముగ ప్రియమైన దొకదానిని, దానికై రేపు ఉదయము నీవు చేయబోవు పని నొకదానిని అందు చేర్చుము.